ఓబన్నకు కొట్టని డప్పు

అనగనగా, మన తాతల తాతలకైనా తెలియని రోజుల్లో, మొగలిపురమనే రాజ్యం ఉండేది. దాన్ని ఏలే విజయకేతుడు చట్టం విషయంలో సూదిమొనంత కూడా అటూ ఇటూ కాడు. ఎవరైనా దొంగతనం చేస్తే ముందు ఊరి మూడు వీధుల్లోనూ డప్పు కొట్టి చాటించేవాడు. ఆ తర్వాతే చెరసాల.

ఒక కరువు ఏట ఓబన్న అనే కూలివాడు రాజుగారి గాదెలోంచి మూటెడు జొన్నలు ఎత్తుకుపోయాడు. భార్య పోయింది. ఇంట్లో నాలుగేళ్ళ కూతురు ఆకలికి ఏడుస్తోంది. అయినా తప్పు తప్పే కదా. డప్పు కొట్టే పోలయ్య "ఓబన్న దొంగహో" అని మూడు వీధులూ తిరిగాడు. ఓబన్నకు ఆరేళ్ళ చెర పడింది. పిల్లను అతని చెల్లెలు తీసుకుపోయింది.

చెరసాల కాపలాదారు ఎర్రప్ప ముసలివాడు, మంచివాడు. "ఊరికే కూర్చుంటే మనిషి పాడైపోతాడురా" అని ఓబన్నకు మోకులు పేనడం నేర్పాడు. ఏనుగు లాగినా తెగని మోకులు పేనాడు ఓబన్న. ఈ పనితో కూతుర్ని పోషించుకుంటానని రోజూ అనుకునేవాడు.

గడువు తీరింది. ఓబన్న భుజాన మోకు వేసుకుని బయటికి వచ్చాడు.

మొదట ఒక రైతు దగ్గరికి వెళ్ళాడు. "మోకు బాగానే ఉంది. కాని దొంగ పేనిన మోకు నమ్ముకుని బావిలోకి ఎవడు దిగుతాడు?" అన్నాడు రైతు.

తర్వాత గానుగ ఆడించే ఆసామిని పని అడిగాడు. "ఆ రోజు డప్పు నా చెవులతో విన్నానయ్యా" అని ఆయన తలుపు వేసుకున్నాడు.

చివరికి చెల్లెలి ఇంటికి వెళ్ళాడు. ఆమె గడపలో అడ్డంగా నిలబడి ఏడ్చింది. "నాన్న చచ్చిపోయాడని పిల్లకు చెప్పానన్నా. దొంగ కూతురంటే దానితో ఎవరూ ఆడరు. నీకు దండం పెడతాను, వెళ్ళిపో." ఎవరో చుట్టం వచ్చాడనుకుని పిల్ల చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. ఓబన్న ఆ నీళ్ళు తాగాడు. పిల్ల ముఖం చూశాడు. ఏమీ చెప్పకుండా వెనక్కి తిరిగాడు.

తిన్నగా చెరసాలకు వచ్చి, "లోపలికి రానియ్యి ఎర్రప్పా. లోపలైతే నేను మోకులు పేనేవాణ్ణి. బయట ఇంకా దొంగనే" అన్నాడు.

"నేరం చెయ్యనివాణ్ణి ఎలా రానిచ్చేదిరా?" అని ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు ఓబన్న రాజుగారి తోటకు వెళ్ళాడు. కావలివాడు చూస్తుండగానే ఒక మామిడికాయ కోసి, పట్టుకునేదాకా అక్కడే నిలబడ్డాడు. రెండోసారి దొంగతనానికి శిక్ష చెర కాదని, చాటింపుకు ముందే కుడిచెయ్యి నరుకుతారని పాపం అతనికి తెలియదు. నరికేశారు.

చాటింపు వెయ్యడానికి పోలయ్యను సభకు పిలిచారు. పోలయ్య డప్పు ముట్టుకోలేదు.

"ఆరేళ్ళ కిందట ఇతను దొంగని నేనే చాటాను ప్రభూ. శిక్ష తీరిందని చాటమని మీరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఊరి దృష్టిలో ఇతను ఇంకా దొంగే. ఉండడానికి చోటు లేక మళ్ళీ చెర కోరుకున్నాడని ఎర్రప్ప చెప్పాడు. ఈ పాపంలో నాకూ పాలుంది."

రాజు సింహాసనం దిగి ఓబన్న ముందు నిలబడి, "తప్పు నాది" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? డప్పు మళ్ళీ కొట్టించగలిగాడు గాని, చెయ్యి మొలిపించలేకపోయాడు.

ఆ సాయంత్రం "ఓబన్న శిక్ష తీరిందహో, ఇక అతను మనవాడే" అని పోలయ్య మూడు వీధుల్లోనూ చాటాడు. తండ్రి పేరు వినగానే, ఆయన బతికే ఉన్నాడని తెలిసి పదేళ్ళ పిల్ల మేనత్త చెయ్యి విదిలించుకుని ఆయన కోసం పరుగెత్తింది.

మోకు పేనడానికి రెండు చేతులు కావాలి. ఆనాటి నుంచి ఓబన్న ఎడమచేత్తో నార అందిస్తే కూతురు పేనేది. ఊరి బావులన్నిటికీ ఆ మోకులే. కాని కన్నబిడ్డను రెండు చేతులా దగ్గరికి తీసుకునే భాగ్యం ఆ తండ్రికి మళ్ళీ దక్కలేదు.

కాబట్టి పిల్లలూ, తప్పు చేసినవాణ్ణి శిక్షించడంతోనే న్యాయం పూర్తికాదు. మారి వచ్చినవాడికి మన మధ్య చోటిచ్చినప్పుడే అది పూర్తవుతుంది.