నూకరత్నం గారి తిరగలి పాటలు

కూర్మారావు మాస్టారికి అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు లేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు, ఆ తర్వాత అడిగినవాడికే ఏదో ఒక పని పురమాయిస్తారు. విశాఖపట్నంలో ఒక ఎడిటింగ్ స్టూడియోలో కంప్యూటర్ల పని చూసుకుంటూ, ఆ పని పిల్లలకు నేర్పేవారు. అలా నేర్చుకుంటున్నవాడు భానోజీ. మంచివాడే.

ఆ స్టూడియోలో గదులు ఎన్ని ఉన్నా, రికార్డింగులు దాచే డిస్కుల పెట్టె ఒక్కటే. ఏ గదికి ఏ డిస్కులు కనపడాలో చెప్పేది ఒక కమాండు. జోనింగ్ అంటారు ఆ పనిని. దానికి బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు, నల్ల తెర మీద ఒక్క వరుస రాసి కొట్టడమే. నిజంగానా అని కూడా అడగదు. డిస్కు ఎక్కడిదక్కడ తిరుగుతూనే ఉంటుంది, ఆ గదికి మాత్రం ఇక లేనట్టే.

ఒకరోజు యజమాని భానోజీని పిలిచి, నూకరత్నం గారి గదికి డిస్కులు కనపడకుండా చేయమన్నాడు. ఆవిడ అక్కడ ఎడిటరు. ఏళ్ళ తరబడి పార్వతీపురం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, ముసలమ్మల చేత తిరగలి పాటలు పాడించి తెచ్చింది. పాడినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఆ పాటలు తన పేరున ఎవరికో అమ్ముకోవాలని యజమానికి ఉంది. పోయాయనుకుంటే ఆవిడ అడగడం మానేస్తుందని అతని ఆలోచన. "నువ్వు చెయ్యకపోతే చేసేవాడు ఇంకొకడు వస్తాడు" అని కూడా అన్నాడు.

భానోజీ మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"ఒక్క పాటైనా చెరపడం లేదు కదా మాస్టారూ. అన్నీ భద్రంగానే ఉంటాయి. మరి ఇందులో నా తప్పేముంది?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "కమాండు రాయి. ఇప్పుడే కాదు, పావుగంట ఆగి దానంతట అదే నడిచేట్టు పెట్టు. ఆ పావుగంటా పోయి ఆవిడ గదిలో కూర్చో. వద్దనిపిస్తే వచ్చి ఆపుకో."

భానోజీ అలాగే పెట్టి వెళ్ళాడు.

"ఏటి బాబూ, దారి తప్పావా? మిషను పాడైతే తప్ప మీవోళ్ళు ఈ గుమ్మం తొక్కరు" అంటూ నూకరత్నం గారు స్టూలు జరిపింది.

"ఊరికే వచ్చానక్కా."

"ఊరికే వచ్చినోడు అలా గడియారం చూడడు. పెళ్ళిచూపులేటి?"

ఆవిడే నవ్వి ఒక పాట పెట్టింది. ముసలి గొంతు, దాని కింద తిరగలి తిరుగుతున్న చప్పుడు. "ఈవిడ పారమ్మ. పోయిన వానాకాలంలో పోయింది. పాడతా పాడతా మజ్జిలో మనవణ్ణి తిట్టింది, విను. అది కోసెయ్యమన్నారు. నేను కొయ్యలేదు." తిట్టు రానే వచ్చింది. భానోజీకి కూడా నవ్వొచ్చింది. నవ్వుతూనే తలుపు వైపు చూసి, లేవబోయాడు.

"కూకో బాబూ, ఇంకో చరణం ఉంది."

కూర్చున్నాడు.

ఆ చరణం మధ్యలో పాట ఆగిపోయింది. తెర మీద ఉన్న పేర్లన్నీ ఒక్కసారే లేకుండా పోయాయి. ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుని మళ్ళీ నొక్కి చూసింది. ఇంకోసారి నొక్కింది.

"నేనేటి నొక్కీసాను బాబూ? నువ్వు పక్కనే ఉన్నావు, చూశావు కదా. నేనేటీ నొక్కలేదు కదా?"

"లేదక్కా."

"మరి ఎక్కడికి పోయాయి?"

భానోజీ లేచి నిలబడ్డాడు. వైర్లు ఊడాయేమోనని ఆవిడ బల్ల కిందికి వంగినప్పుడు మెల్లగా బయటికి వచ్చేశాడు.

మాస్టారు ఆ నల్ల తెర ముందే కూర్చుని ఉన్నారు. వాణ్ణి చూసి కుర్చీ ఖాళీ చేసి పక్కకు తప్పుకున్నారు. తిరిగి కనపడేట్టు చేయడానికీ ఒక్క వరుసే. భానోజీ కుర్చీలో కూర్చున్నాడు గానీ, కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. అద్దం అవతల యజమాని ఫోన్లో మాట్లాడుతూ ఇటే చూస్తున్నాడు.

భానోజీ అడిగాడు: "ఎక్కడికి పోయాయని మళ్ళీ అడిగితే ఏం చెప్పమంటారు మాస్టారూ?"

"చెరిపేసి ఉంటే, పోయాయని నిజమే చెప్పేవాడివి" అన్నారు మాస్టారు.