అరిగిన పిడి

ఆదోనిలో తుపాకులు బాగుచేసే మౌనేశాచారికి ఒక అలవాటు ఉంది. శిష్యుడు ఏదడిగినా నోటితో జవాబు చెప్పడు, చేతికి పని చెబుతాడు. శిష్యుడు ఉరుకుందు కూడా తక్కువవాడేం కాదు. చేతికి పని దొరికినంత మాత్రాన నోరు మూసుకునే రకం కాదతను.

ఒకరోజు అడగనే అడిగాడు. "సామీ, కొత్త పిస్తోళ్లు తేలిక. గుండ్లు రెట్టింపు పడతాయి. పిడి ప్లాస్టిక్‌ది, నూరేండ్లు పట్టుకున్నా అరగదు. అయినా మన దగ్గరికొచ్చే పిస్తోళ్ల పిచ్చోళ్లంతా ఆ తాతల కాలపు ఇనుప పిస్తోలు కోసమే ఏంటికి కొట్టుకుంటారు? కొత్తొక వింత, పాతొక రోత అన్న మాట వీళ్లు విననే లేదా?"

ఆచారి బీరువా తీసి ఒక పాత పిస్తోలు బల్ల మీద పెట్టాడు. "భీమసేనరావుగారిది. అమ్మకానికి పెట్టినాడు. సిద్ధం చెయ్," అన్నాడు.

భీమసేనరావు ఒకప్పుడు రైఫిల్ క్లబ్బులో గురికి పేరుపడ్డ మనిషి. ఇప్పుడు చూపు మందగించింది, చెయ్యి వణుకుతోంది. ఇక లైసెన్సు వద్దని ఆయనే నిర్ణయించుకున్నాడు. ఎవరైనా అడిగితే "ఈ వయసులో పులి మీద సవారీ ఏంటికప్పా" అని నవ్వుతాడు. ఆ నవ్వు చూడలేక అడిగినవాళ్లే తల తిప్పుకుంటారు.

ఉరుకుందు పిస్తోలు విప్పి, తుడిచి, నూనె పట్టించాడు. ఇనుమంతా శుభ్రంగానే ఉంది. పిడికున్న చెక్కలే బాగాలేవు. ఎడమవైపు చెక్క బొటనవేలు ఆనేచోట గుంతపడి, చెమటకు నల్లబడి ఉంది. ఇంత మంచి వస్తువుకు ఇవేం చెక్కలని జాలిపడి, నిగనిగలాడే కొత్తవి బిగించాడు. పాతవి చెత్తడబ్బాలో పారేశాడు. ముసలాయన చూసి మురిసిపోతాడనుకున్నాడు పాపం.

కొనేవాడు కుదిరాక, అమ్మకం కాగితాల మీద సంతకానికి భీమసేనరావు వచ్చాడు. కలం పట్టుకుని, మళ్లీ కింద పెట్టి, "ఒక్కసారి పట్టుకోనిస్తావా ఆచారీ?" అన్నాడు. తన వస్తువును తనే అడుక్కుంటున్నట్టుంది ఆ మాట. ఆచారి పిస్తోలు ఖాళీగా ఉందని చూసి, మళ్లీ చూసి, ఆయన చేతికిచ్చాడు.

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. వణికే చెయ్యి పిడిని చుట్టుకుంది. చీకట్లో సొంతింటి గొళ్లెం తడుముకున్నట్టు బొటనవేలు కొంచెం పైకీ కొంచెం కిందికీ తడుముకుంది. దాని చోటు దానికి దొరకలేదు. ఆయన కళ్లు తెరిచాడు.

"ఇది నాదేనా?"

"మీదే సార్, నంబరు చూడండి," అన్నాడు ఉరుకుందు. "పిడి గుంతపడిందని కొత్త చెక్కలు వేసినా."

"ఆ గుంత పడేదానికి నా వయసంతా పట్టింది నాయనా."

ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఉరుకుందుకు.

ఆచారి సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన పాత చెక్కలు బయటికి తీశాడు. చెత్తడబ్బాలోంచి ఎప్పుడు ఏరిపెట్టాడో ఏమో. ఉరుకుందు గబగబా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. ముసలాయన అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"వద్దు. కొనేవాడు పడుచువాడంట కదా. వాని గుంత వాడే చేసుకోనీ."

సంతకం పెట్టి, రెండు చెక్కలూ జుబ్బా జేబులో వేసుకుని మెట్లు దిగాడు. ఆ జేబులోంచి చెయ్యి మాత్రం బయటికి తీయలేదు.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఉరుకుందు గుమ్మంలోనే నిలబడ్డాడు. అంతగా తన చెయ్యి ఎరిగిన వస్తువు తనకూ ఒకటుంటే ఎంత బాగుండునని మనసు పీకింది. లోపలికొచ్చి చెత్తడబ్బా వంక చూడలేక తల దించుకున్నాడు.

ఆచారి బల్ల మీది నూనె మరక తుడుస్తూ అడిగాడు. "ఉరుకుందూ, కొత్త పిస్తోళ్ల పిడి నూరేండ్లు పట్టుకున్నా అరగదంటివి కదా?"

"అరగదు సామీ."

"పాపం," అన్నాడు ఆచారి.