మేఘనాదంలో రెండో గుండు

ఎక్కడని అడగకండి, ఒకానొక రాజ్యం. దాన్ని ఏలినవాడు తిమ్మభూపాలుడు. మనిషి చెడ్డవాడు కాడు. పొగడ్త చెవిన పడితే మాత్రం ఒళ్ళు మరిచిపోయేవాడు.

ఆయనకు ముప్పై రెండు బిరుదులు. సగం తాత సంపాదించినవి, పావు తండ్రి సంపాదించినవి, మిగిలినవి ఎలా వచ్చాయో అడిగే ధైర్యం ఎవరికీ లేదు. వాటిని ఎలుగెత్తి చదవడం ఆస్థాన భట్రాజు ఓబళరాజు పని. బిరుదు వినబడగానే రాజుగారు చేస్తున్న పని ఆపి కుడిచేత్తో మీసం దువ్వాలి. ఆ వంశంలో అది ఆచారం. భోజనాల వేళ కూడా ముద్ద విస్తట్లో వదిలి, చెయ్యి కడిగించుకుని మరీ దువ్వేవాడు. ఆయన తినేదాకా తక్కినవాళ్ళు తినకూడదు కనుక ఆ కోటలో వేడన్నం రుచి ఎరిగినవాళ్ళు లేరు.

రాజుగారి తుపాకి పేరు మేఘనాదం. ముందుగా గొట్టంలో కొలత ప్రకారం మందు పోయాలి. దానిమీద గుడ్డపీలికలో చుట్టిన సీసపు గుండు వేయాలి. పొడుగాటి కడ్డీతో అడుగుదాకా దట్టించాలి. ఏడాది పొడుగునా ఆ పని చూసేవాడు ఆయుధశాల పెద్ద కంబగిరి. అరవై ఏళ్ళవాడు, మాట తక్కువ. విజయదశమి నాడు మాత్రం రాజే, తన మొలలోని పట్టుసంచిలో దాచుకునే సూర్యముద్ర గుండును స్వహస్తాలతో దట్టించి, కొయ్యకు కట్టిన కుండను పగలగొట్టాలి. ఆ కాసేపూ తుపాకిని మరొకరు తాకకూడదు.

ఆ ఏడాది పొరుగు రాజులిద్దరు వేడుక చూడడానికి వచ్చారు. తిమ్మభూపాలుడు మందు పోశాడు, గుండు వేశాడు, దట్టించాడు. సరిగ్గా అప్పుడే ఓబళరాజు గొంతు సవరించుకుని "రిపుగజ కంఠీరవా" అని అందుకున్నాడు. రాజుగారి చెయ్యి మీసం మీదికి పోయింది. అతిథులున్నారు కదా అని ఓబళరాజు ఒకటితో ఆపకుండా వరసగా ఏడు చదివాడు. ఏడుసార్లు దువ్వుకుని, ఆ చెయ్యి తిరిగొచ్చి తిన్నగా మందు నింపి ఉంచే మందుకొమ్మును పట్టుకుంది. రాజుగారు మళ్ళీ మందు పోశాడు, మళ్ళీ గుండు వేశాడు, మళ్ళీ దట్టించాడు. చూసేవాళ్ళందరూ మీసాన్నే చూస్తున్నారు.

కంబగిరి ఒక్కడే కడ్డీని చూస్తున్నాడు. దానికి అతను ఎప్పుడో రెండు గాట్లు పెట్టుకున్నాడు. తుపాకి ఖాళీగా ఉంటే కడ్డీ పై గాటుదాకా లోపలికి దిగుతుంది. సరిగ్గా దట్టిస్తే కింది గాటు గొట్టం మూతి దగ్గర ఆగుతుంది. ఇప్పుడు ఆ కింది గాటు మూతికి నాలుగు వేళ్ళ ఎత్తునే నిలిచిపోయింది.

"దొరా, ఆగండి" అన్నాడు కంబగిరి. ఆ మాట ఎనిమిదో బిరుదులో కలిసిపోయింది. రాజుగారు తుపాకి భుజానికెత్తాడు. మందును అంటించే వత్తి రగులుతోంది.  కంబగిరి మందు దగ్గర ఎప్పుడూ ఉంచే నీళ్ళకుండ ఎత్తి, తుపాకి మీద బోర్లించాడు.

తుపాకి తడిసింది, వత్తి ఆరింది. రాజుగారి మీసం కూడా తడిసి, రెండు కొసలూ గడ్డం మీదికి వాలిపోయాయి. పొరుగు రాజులు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"దొరా, లోపల రెండు గుండ్లు..." అని కంబగిరి చెప్పబోయాడు.

"నాకు దట్టించడం రాదంటావా?" అన్నాడు రాజు. "పొద్దు కుంకేలోగా నువ్వు పొలిమేర దాటాలి."

మధ్యాహ్నం ఓబళరాజు కంబగిరి ఇంటికి వెళ్ళాడు. కంబగిరి భార్య ఒక మూలకు తిరిగి కూర్చుని ఉంది. కంబగిరి మూట కడుతున్నాడు.

"ఏం పని చేస్తివయ్యా? ఎందుకు పోస్తివి నీళ్ళు?"

"రెండు దట్టింపులు ఒకదానిమీద ఒకటి పడినాయి సామీ. కాల్చింటే గొట్టం చీలిపోయేది. దొర మొగం మిగిలేది కాదు." కాస్త ఆగి అన్నాడు, "పక్కనే మీరూ ఉంటిరి కదా, రెండు బారల దూరాన."

ఓబళరాజు తన గొంతు తడిమి చూసుకున్నాడు. అది ఇంకా అక్కడే ఉన్నందుకు మొదటిసారి సంతోషం కలిగింది.

"నాకు ఊరు పోతే పోయె సామీ" అన్నాడు కంబగిరి. "మేఘనాదం ఇంకా నిండుగానే ఉండాది. నేను పోయినాక ఎవరన్నా దాన్ని ఎండలో పెట్టి, ఇంకో కొలత పోసి పేలిస్తే? ముందు దాన్ని ఖాళీ చేయమని దొరకు చెప్పండి. నా మాట వినడు గానీ మీ మాట వింటాడు."

ఓబళరాజుకు కళ్ళు చెమర్చాయి. తన ప్రాణం నిలబెట్టినవాడు, ఊరు విడిచి పొమ్మన్న రాజు ప్రాణం గురించి బెంగపడుతున్నాడు. ఇదంతా తన నోటి పుణ్యమే. కంబగిరి రెండు చేతులూ పట్టుకుని, "మూట ముడి బిగించవద్దు. నేను కబురు పంపేదాకా అలాగే వదిలెయ్యి" అని చెప్పి కోటకు పరుగెత్తాడు.

సభలో రాజు మీసానికి కొత్తగా మైనం పట్టించుకుని కూర్చున్నాడు. అతిథులూ ఉన్నారు. ఓబళరాజు వచ్చి నిలబడ్డాడు కాని బిరుదు చదవలేదు. రాజుగారి చెయ్యి మీసం దాకా వెళ్ళి ఊరకే ఆగింది.

"ఏమయ్యా, గొంతు పోయిందా?"

"ముప్పై మూడో బిరుదు కూరుస్తున్నాను ప్రభూ. ఒక్క గుండుతో లక్ష్యం పడగొట్టే వీరుడని. కాని భయంగా ఉంది. కంబగిరి ఊరూరా తిరిగి, మా రాజు రెండు గుండ్లు వేశాడని చెప్పుకుంటాడు. విన్నవాళ్ళు నా బిరుదును చూసి నవ్వుతారు."

రాజు మొహం ఎర్రబడింది. "వాణ్ణి పిలిపించండి. అందరి ముందూ వాడిచేతే తుపాకి ఖాళీ చేయిస్తాను. ఒక్కటే వస్తే వాడికి పొలిమేర కాదు, చెరసాల."

"రెండు వస్తేనో ప్రభూ?"

"ఎలా వస్తాయి?"

"రావు. అయినా తీర్పు అన్నాక రెండోవైపు కూడా చెబితే అతిథులు మెచ్చుకుంటారు."

రాజు అతిథుల వంక చూసి ఛాతీ విరిచాడు. "రెండు వస్తే, ఆ రెండోది వేసినవాడే పొద్దు కుంకేలోగా పొలిమేర దాటాలి. ఇది నా మాట."

కంబగిరి వచ్చాడు. గొట్టం మూతిని ఖాళీ గోడ వైపు తిప్పి, ఆ దారిన ఎవరినీ నిలవనీయలేదు. లోపలి మందు పూర్తిగా నానేదాకా మళ్ళీ నీళ్ళు పోశాడు. కొసన మర ఉన్న వేరే కడ్డీని దించి మెల్లగా తిప్పాడు. మర సీసంలోకి ఎక్కింది. లాగితే గుండు వచ్చి ఇత్తడి పళ్ళెంలో టంగుమని పడింది.

"ఒకటి" అన్నాడు రాజు. "చాలు, ఇక కట్టండి వీణ్ణి."

కంబగిరి గొట్టాన్ని వంచి నల్లటి మందునీళ్ళు ఒంపాడు. గాట్లున్న కడ్డీ తీసి లోపలికి దించాడు. అది పై గాటుదాకా దిగలేదు. మర కడ్డీ మళ్ళీ తిప్పాడు. పళ్ళెంలో రెండో గుండు పడింది.

 రాజు దాని వైపు వేలు చూపి, "అది వీడే ముందుగా వేసి ఉంచాడు" అన్నాడు.

ఓబళరాజు పళ్ళెం ఎత్తి చూపించాడు. రెండు గుండ్ల మీదా సూర్యముద్ర ఉంది. ఆ ముద్ర గుండ్లు రాజుగారి మొలలోని పట్టుసంచిలో తప్ప ఎక్కడా ఉండవు. ఆ సంచి ముడి రాజుగారు తప్ప ఎవరూ విప్పరు. ఈ సంగతి సభలో అందరికీ తెలుసు.  రాజుగారు తన మాట తనకే గుర్తొచ్చి సింహాసనం చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

అప్పుడు ఓబళరాజు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"సెలవిప్పించండి ప్రభూ. పొద్దు కుంకేలోగా పొలిమేర చేరాలి."

"నువ్వెందుకు?"

"రెండోది వేసినవాడు పోవాలన్నారు కదా. మొదటి గుండు తమరు వేశారు. రెండోది నా నోరు వేయించింది. దట్టించే మనిషిని ఏడుసార్లు మీసం దువ్వించాను. పని మధ్యలో వదిలిన చెయ్యి, ఎక్కడ వదిలిందో ఎలా గుర్తుపెట్టుకుంటుంది? ఇంకొక్క క్షణమైతే మీసమూ ఉండేది కాదు, బిరుదు చదివే గొంతూ ఉండేది కాదు. నాతో పాటు ఆ ముప్పై రెండూ మూటగట్టి తీసుకుపోతాను."

రాజు పళ్ళెంలోని రెండు గుండ్లనూ చాలాసేపు చూశాడు. తరువాత మెల్లగా నవ్వు మొదలై, పొట్ట పట్టుకునేదాకా వచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. దిగి వచ్చి కంబగిరి ముసలి చేతిని తన చెంపకు ఆనించుకున్నాడు.

"ఈ మొగం నువ్వు దక్కించిందయ్యా. నిన్ను వెళ్ళగొట్టబోయాను. మన్నించు" అన్నాడు. ఆ రాజు నోట ఆ మాట రావడం అదే మొదలు. కంబగిరికి బంగారు కడియం తొడిగి, "ఇంకేం కావాలి?" అని అడిగాడు.

"కాల్చేముందు గాటు చూడండి దొరా. అది చాలు."

"నీకేం కావాలి ఓబళరాజూ?"

"తుపాకి దట్టించేటప్పుడు నోరు మూసుకునే హక్కు ప్రభూ. మా వంశంలో ఇంతవరకు ఎవరికీ దక్కలేదు."

రాజు ఆ హక్కును రాగిరేకు మీద చెక్కించి ఇచ్చాడు. భోజనాల వేళకు కూడా అది వర్తిస్తుందని తానే చేర్పించాడు. ఆ రాత్రి కోటలో అందరూ వేడన్నం తిని, కంబగిరికి మనసులోనే దండం పెట్టుకున్నారు.

మరుసటి విజయదశమికి మైదానంలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. రాజుగారు మందుకొమ్ము పట్టుకుని, ముందుగా కంబగిరి వైపు తిరిగాడు.

"నీళ్ళకుండ నిండుగా ఉందా?"

"ఉండాది దొరా."

"దగ్గరగా పెట్టు" అని, మందు కొలవడం మొదలుపెట్టాడు.