చివరి సాలు చిలక

అనగనగా తొమ్మిది కొండలకి ఒక రాజు. రాజంటే ఏనుగులూ అంబారీలూ అనుకునేరు పిల్లలూ! పూరింట్లో ఉంటాడు, అందరితో పాటే కొర్రచేను కోస్తాడు. ఆయనకి ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. కూతురి పేరు సుక్రి.

ఆ కొండల్లో ఒక కట్టుబాటు ఉంది. చేనులో చివరి సాలు కోయరు, పిట్టలకి వదిలేస్తారు. ఆ సాలులో తిన్న పిట్ట చుట్టం. దాన్ని ఎవరూ చంపరు.

ఒక ఏడు గవ్వకళ్ళ మాంత్రికుడొకడు వచ్చి కొండకొమ్మున కూర్చున్నాడు. కొండ మీంచి ఊళ్ళకి పారే గెడ్డ నీళ్ళకి బండ అడ్డం పెట్టాడు. "పండిందంతా మోసుకొస్తే కుండెడు నీళ్ళిస్తా" అన్నాడు. పసుపు మోశారు, చింతపండు మోశారు, తేనె మోశారు. వాడు మెక్కుతూనే ఉన్నాడు, పసిపిల్లల నాలుకలు ఎండుతూనే ఉన్నాయి.

పెద్దన్న వెళ్ళి, చేతులు జోడించి "నీళ్ళొదలండి దొరా" అన్నాడు. రాయైపోయాడు. చిన్నన్న వెళ్ళి చేతులు జోడించాడు. రాయైపోయాడు. పొరుగుకొండ రాజకుమారుడు బోంజు వెళ్ళి చేతులు జోడించాడు. వాడూ రాయే!

సుక్రికి ఒళ్ళు మండిపోయింది. గొడ్డలీ విల్లూ భుజానేసుకుని కొండెక్కింది. చేతులు మాత్రం జోడించలేదు.

"మా గెడ్డకి అడ్డం పడ్డానికి నువ్వెవడివిరా?"

గొడ్డలితో కొట్టింది, విరిగింది. బాణమేసింది, వంగింది. నిప్పు విసిరింది, ఆరింది.

మాంత్రికుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా ప్రాణం ఇక్కడుంటే కదే పిల్లా! అది మీ చేతి తిండి తినే బలిసింది!"

సుక్రి పళ్ళు కొరుక్కుంటూ దిగింది. మన చేత్తో మనం ఎవరికి పెడుతున్నాం? చేను దగ్గర ఉడుత కనబడితే అడిగింది, "చివరి సాలులో ఎవరెవరు తింటున్నారే?"

"అందరం రెండు గింజలు తిని పోతాం. గవ్వకళ్ళ చిలక ఒకటుంది, పొద్దస్తమానం మేస్తుంది, మమ్మల్ని పొడుస్తుంది" అంది ఉడుత.

సుక్రి కంకులకి పనసబంక పూసింది. చిలక అతుక్కుపోయింది. దాన్ని బుట్టకింద మూసేసరికి అక్కడ మాంత్రికుడికి ఊపిరాడలేదు. పడుతూ లేస్తూ వచ్చాడు.

"చంపకూడదు! మీ కట్టుబాటు!"

"తెలిసే దాచావన్నమాట! చంపను, చుట్టం కదా. పంపనూ పంపను. ముందు బండ తియ్యి."

తీశాడు. గెడ్డ ఉరికింది.

"మావాళ్ళని లేపు."

లేపాడు. ముగ్గురూ కళ్ళు నులుముకున్నారు.

"ఇంక నా చిలకని వదులు తల్లీ" అని చేతులు జోడించబోయాడు.

"జోడించకు! ఆ చేతులతో పనుంది" అంది సుక్రి.

చిలక సుక్రి దగ్గరే ఉండిపోయింది. ఆనాటి నుంచీ వాడు తొమ్మిది కొండల చేలకీ రాతిగట్లు కడుతూనే ఉన్నాడు. బోంజు సిగ్గుపడుతూ చేతులు జోడించి, "నన్ను పెళ్ళాడతావా?" అన్నాడు.

"ముందు ఆ చేతులు దింపవయ్యా!"

పెళ్ళికి నీళ్ళ కావడి మోసింది ఎవరనుకున్నారు? మాంత్రికుడే! సుక్రీ బోంజూ మునిమనవలు పుట్టేదాకా తొమ్మిది కొండలూ ఏలారు.

ఇప్పటికీ అక్కడ చివరి సాలు కోయరు. పాపం, పిట్టలేం చేశాయి? కాకపోతే ఎవరు తింటున్నారో ఒక కన్నేసి ఉంచుతారు.