ఈరమ్మ చేతి గడియారం

తాడిపత్రి బస్టాండు పక్కన గడియారాలు బాగుచేసే కుళ్లాయప్ప మేస్త్రికి ఒక అలవాటు. శిష్యుల్లో ఎవరొచ్చినా ముందు చెయ్యి పట్టుకుని, అరచేతిని బొటనవేలితో ఒత్తి చూస్తాడు. ఆ తర్వాతే మాట. ఆయన ఒకప్పుడు బండల ఫ్యాక్టరీలో పాలిష్ పట్టినవాడు. సమ్మె చేయించాడని పనిలోంచి తీసేశారు. ఆ తర్వాత ఊళ్ళో ఏ ఫ్యాక్టరీ గేటూ ఆయనకు తెరుచుకోలేదు. నలభై దాటిన వయసులో, బండలెత్తిన వేళ్ళతో గడియారం మరలు తిప్పడం నేర్చుకున్నాడు. ఆదివారాలు బండల కూలీలకు చదవడం, రాయడం నేర్పేవాడు. అంతకంటే ముఖ్యంగా నోరు విప్పడం నేర్పేవాడు. మద్దిలేటి ఆయన దగ్గర నేర్చుకున్నవాడే.

అప్పటిదాకా బండలెత్తిన ఆ మద్దిలేటిని ఎనిమిది నెలల కిందట రంగనాథం తన బండల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరును చేశాడు. ఒక ఆదివారం పొద్దున అతను ఫోను పట్టుకుని మేస్త్రి దగ్గరికి వచ్చాడు. మేస్త్రి అతని అరచెయ్యి ఒత్తి చూశాడు. వెంటనే వదిలేశాడు.

"ఏమప్పా సూపర్‌వైజరూ, కూలోళ్ళ మీద కేకలేసి గొంతు పోయిందా? నిలబడి గుటకలు మింగుతాండావు."

"ఎగతాళి చాలు మేస్త్రీ. ఇది చూడండి."

ఫోన్లో చేతి గడియారం బొమ్మ. అద్దం కింద నీలం ముఖం, వెండిలా మెరిసే గొలుసు పట్టీ.

"మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలు. ఆటోమేటిక్. బ్యాటరీ వెయ్యక్కర్లేదు, కీ ఇయ్యక్కర్లేదు. ఇంకా రెండే మిగిలినాయంట. కార్ట్‌లో పెట్టినా. కొనేదానికి నొక్కాలంటే నిన్నట్నుంచి వేలు ముందుకు పోవడం లేదు."

"ఏంటికి పోలేదు?"

"మీరేమంటారో అని." మద్దిలేటి తెగించి అడిగేశాడు. "నా కష్టంతో కొంటాండా మేస్త్రీ. ఒకరి నోరు కొట్టి తెచ్చింది కాదు. ఇంకొకరి చెయ్యి తగలకుండా తనంతట తానే నడిచే వస్తువు. అట్లాంటిది కావాలనుకుంటే తప్పేముంది?"

మేస్త్రి పనిముట్లు సంచిలో వేసుకున్నాడు.

"మీ రంగనాథం ఇంటి నుంచి ఫోనొచ్చింది. ఆయన గడియారం కూడా ఈ రకమే. ఆగిపోయిందంట. పోదాం పా."

ఆ గడియారం సంగతి మేస్త్రికి మొదట్నుంచీ తెలుసు. రంగనాథం కూడా ఇట్లాగే ఫోన్లో చూసి తెప్పించుకున్నాడు. పెట్టె ఇంటికి చేరిన ఎనిమిదో నాడు ఆయనకు పక్షవాతం వచ్చి ఎడమ వైపు పడిపోయింది. ఆ చేతి మీద గడియారం రెండు రోజులు నడిచి ఆగేది. అమ్మినవాళ్ళకు ఫోను చేస్తే, వస్తువులో లోపం లేదు, వెనక్కి తీసుకునేది లేదన్నారు. అప్పుడు పిలిపిస్తే మేస్త్రి చెప్పాడు: "ఇది చెయ్యి కదిలితే నడిచే గడియారం. రోజూ కొంతసేపు ఆడే చెయ్యి మీద ఉండాల. కుడిచేతికి మార్చుకోండి." రంగనాథం ఒప్పుకోలేదు. ఎడమ చేతికే ఉండాలి, లేకపోతే చెయ్యి చచ్చిందని వ్యాపారస్తులంతా గుసగుసలాడుకుంటారు. ఆడే చెయ్యి కోసం ఆయన ఇంట్లోనే వెతికాడు. తనకు స్నానం చేయించి, పక్క మార్చి, అన్నం తినిపించే ఈరమ్మ కనబడింది. ఆనాటి నుంచి పొద్దున రాగానే గడియారం ఆమె చేతికెక్కేది. సాయంత్రం మనుషులొచ్చే వేళకు తుడిచి ఆయన చేతికి పెట్టేవాళ్ళు. నీళ్ళు తగలకూడదని ఆజ్ఞ. అందుకని ఈరమ్మ ఆ పెద్దమనిషి ఒళ్ళంతా ఒంటి చేత్తోనే కడిగేది.

మేస్త్రి, మద్దిలేటి వెళ్ళేసరికి రంగనాథం వరండాలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఒళ్ళో దిండు, దిండు మీద ఎడమ చెయ్యి, చేతికి గడియారం. ముళ్ళు నాలుగూ పది దగ్గర నిలబడిపోయాయి.

"ఆ ఈరమ్మ కింద పడేసింటాది మేస్త్రీ. పడేసిందని నువ్వొక్క మాట చెప్పు, ఈ రోజే మాన్పించేస్తా. రేపు సాయంత్రం బెంగళూరు పార్టీ వస్తాంది నాకు."

"ఈరమ్మ ఎప్పట్నుంచి రావడం లేదు?"

"బుధవారం నుంచి. మొగుడు పోయినాడంట."

"గడియారం ఆగింది?"

"బేస్తవారం."

మేస్త్రి గడియారం విప్పి వెనక్కి తిప్పాడు. వెనక అద్దంలోంచి అర్ధచంద్రంలాంటి ఉక్కు బిళ్ళ కనిపిస్తోంది. నాలుగు సార్లు అటూ ఇటూ వంచాడు. బిళ్ళ ఊగింది, సన్న ముల్లు నడక మొదలుపెట్టింది.

"దీనికే రోగమూ లేదు. ఆడే చెయ్యి లేక ఆగింది."

గేటు చప్పుడైంది. ఈరమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. తల దువ్వుకోలేదు. పదకొండో నాటి దాకా తీయరు కాబట్టి నుదుట బొట్టు ఇంకా ఉంది.

"దినాలు అయ్యేదాకా రాలేను సామీ. ఆ మాట చెప్పి పోదామని వచ్చినా. నా పని మాత్రం ఇంకొకరికి ఇయ్యద్దండి. ఇంట్లో ఇంక సంపాదించేది నేనొక్కదాన్నే."

"అక్కడే ఉండు," అని లోపలి నుంచి రంగనాథం భార్య కేకేసింది. "మైలలో ఉండావు. మెట్లెక్కొద్దు."

"ఎక్కలేదమ్మా."

రంగనాథం గడియారం వంక చూశాడు. ఈరమ్మ చేతి వంక చూశాడు.

"సరే, లోపలికి రావద్దు. నన్ను ముట్టుకోవద్దు. పొద్దున్నే వచ్చి ఆ వాకిట్లోనే ఊడ్చో, కట్టెలు కొట్టో, ఏదో ఒకటి చేస్తాండు. సాయంత్రం దాకా గడియారం నీ చేతికుంటే చాలు. ఈ రోజు నుంచే."

"మైల చేతిది మళ్ళీ మీ చేతికా?" అంది భార్య.

"స్టీలుకు మైల అంటదులేవే. తుడిస్తే పోతాది."

మేస్త్రి గడియారాన్ని గుప్పిట్లో బిగించాడు. "నాకియ్యండి," అన్నాడు. "దినాలయ్యేదాకా నా చేతికి కట్టుకుని తిరుగుతా. ఆమెను ఇంటికి పోనియ్యండి."

రంగనాథం సగం నోటితో నవ్వాడు. "నీ చేతికా? దాని ధరెంతో తెలుసునా? అది ఈ గేటు దాటదు. ఏమే ఈరమ్మా, కట్టుకుంటావా, పోతావా? ఇంకో మనిషిని చూసుకోవడం నాకెంతసేపు?"

ఈరమ్మ నడుములో దోపుకున్న పాత చీర పేలిక తీసి మణికట్టుకు చుట్టుకుంది. సన్నటి చెయ్యి, పట్టీ జారకుండా రోజూ అట్లా చుట్టుకునేది. తర్వాత ఆ చెయ్యి మెట్ల మీదుగా చాపింది.

మేస్త్రి గడియారాన్ని మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"కట్టప్పా. నువ్వు మోజుపడిన వస్తువే కదా."

మద్దిలేటి యజమాని ముఖం చూశాడు. ఒకప్పుడు ఇదే మనిషి ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడి, ఓవర్‌టైము ఏదని వందమందిలో అడిగిన నోరు అతనిది. ఇప్పుడది తెరుచుకోలేదు. మెట్లు దిగాడు. గడియారం అతను అనుకున్నదానికంటే బరువుగా, చల్లగా ఉంది. పట్టీ బిగించేటప్పుడు ఈరమ్మ అరచెయ్యి అతని వేళ్ళకు తగిలింది. పాలిష్ పట్టని బండలా గరుకుగా ఉంది.

"గట్టిగా నొక్కు నాయనా," అందామె మెల్లగా. "జారి పడితే నా మీదికొస్తాది."

పట్టీ కొలికి పడింది. ఈరమ్మ చీపురు తీసుకుని, అప్పటికే ఊడ్చి ఉన్న వాకిలిని మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది.

మేస్త్రితో మద్దిలేటి రైలు గేటు దాకా వచ్చాడు. అక్కడ గేటు పడింది. జేబులో ఫోను మోగింది. తీసి చూశాడు. ఇంకా ఒక్కటే మిగిలిందట. ఫోను మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు గానీ, కార్ట్‌లోంచి దాన్ని తీసెయ్యలేదు.

"నా చేతులు ఆడతానే ఉండాయి కదా మేస్త్రీ," అన్నాడు.

మేస్త్రి ఆగాడు. అతని కుడి చెయ్యి పట్టుకుని, ఒకప్పుడు కాయలు కాసిన చోట బొటనవేలితో ఒత్తాడు. ఈసారి చాలాసేపు ఒత్తి చూశాడు.

"ఎనిమిది నెలలే కదా అయింది," అన్నాడు. "అప్పుడే మెత్తబడిందప్పా."