ఆ మాటకు పాత అర్థం

ఆయుర్వేద వైద్యులు పరాంకుశాచార్యులవారిని ఏదైనా అడిగితే జవాబు వెంటనే రాదు. మందు నూరుతూ వింటారు. ఎప్పుడో, పని మధ్యలో, ఒక్క ముక్క అంటారు. ఆ సంగతి తెలిసీ శిష్యుడు నీలాద్రి ఆ ఉదయం ఆగలేకపోయాడు.

"గురువుగారూ, రోగాన్ని ఇంగ్లీషులో డిసీజ్ అంటారు కదా. ఈజ్ అంటే నెమ్మది, సుఖం. అది లేకపోవడమే డిసీజ్. తొలినాళ్లలో ఏ ఇబ్బందికైనా, మనసు కష్టపడ్డా ఆ మాటే వాడేవారట. ఒంటి రోగానికి పరిమితమైంది తర్వాతే. వైద్యుడు పట్టించుకోవలసింది ఏ అర్థాన్ని?"

అరుగు మీద కూర్చున్న రోగులు వింటున్నారని తెలిసే గొంతు కాస్త పెంచాడు. ఆచార్యులవారు కల్వంలోంచి తలెత్తకుండా, "ఎవరో వచ్చినట్టున్నారు, చూడు," అన్నారు.

వచ్చినావిడ పేరు అసిరమ్మ. నలభై దాటి ఉంటాయి. అరుగు మీద చోటున్నా కూర్చోకుండా స్తంభం పక్కన నిలబడింది. ఏమిటి బాధ అంటే, "నీరసం బాబూ," అని ఊరుకుంది. నీలాద్రి చూపు చురుకైనది. చీర వెనక తడి చూశాడు, రోగం పట్టేశాడు. పట్టేసిన సంబరంలో అందరికీ వినపడేలా అడిగాడు:

"మూత్రం ఆగడం లేదు కదూ? కాన్పు తర్వాత మొదలైందా?"

అరుగు మీద తలలన్నీ అటు తిరిగాయి. ఒకాయన తన సంచీ దగ్గరికి లాక్కున్నాడు. అసిరమ్మ కొంగు వెనక్కి తిప్పి కప్పుకుంది. "నాకేటీ నేదు బాబూ, ఊరికే వచ్చినాను," అని మెట్లు దిగింది.

ఆచార్యులవారు పని వదిలి లేచేసరికే నీలాద్రి చెప్పుల్లేకుండా వీధిలోకి పరుగెత్తాడు. బస్సులు ఆగేచోట ఆవిడ కనిపించింది. "అమ్మా, దానికి మందుంది," అనబోయాడు. చుట్టూ జనం. ఆ మాట అక్కడ అనకూడదని ఈసారి తెలిసి నోరు మూసుకున్నాడు. ఆవిడ అతణ్ణి చూసింది. మొహం తిప్పుకుని, ఏ ఊరిదో కూడా చూడకుండా ఎదురుగా ఉన్న బస్సెక్కేసింది.

తిరిగొచ్చాక అతను అరుగు వైపు కన్నెత్తలేకపోయాడు. రోగులంతా వెళ్లాక గురువుగారి దగ్గర కూలబడి, నేల చూస్తూ, "తగ్గే జబ్బేనండీ," అన్నాడు.

"తగ్గేదే," అన్నారు ఆచార్యులవారు. "ఆవిడ ఇంటినుంచి తెచ్చుకున్నదానికి మందు నూరగలను. ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లినదానికి ఏం నూరను నాయనా?"