ఆవమడిలో మేక

కాకినాడలో కామేశం అనే ఆయన ఉండేవాడు. మంచి మనిషే గానీ, చేతికొచ్చినదాన్ని ఆ పూటకు వాడుకోవడం ఆయనకు చేతనయ్యేది కాదు. పిసినారి అనుకునేరు, కాదు. ఏదైనా సరే, ఇంకా మంచిరోజు వస్తుందని అట్టే పెట్టేవాడు. కూతురి పెళ్లిలో పెట్టిన పట్టుపంచెను అలాగే దాచి దాచి పురుగుల పాలు చేశాడు.

ఒక చలికాలం ఆయన వియ్యంకుడు భానుమూర్తి ఫోన్లో వేళాకోళం ఆడాడు. "బావగారూ, మీ ఊరి ఉప్పుగాలికి పెరట్లో గడ్డి తప్ప ఏం మొలుస్తుంది లెండి" అన్నాడు.

కామేశానికి రోషం వచ్చింది. "మాఘమాసం చివర్లో భోజనానికి రండి. మా పెరటి ఆవాకుతో పెరుగుపచ్చడి పెడతాను. బాగోలేదంటే ఇక మీ ముందు మొక్కల ఊసెత్తను" అని పందెం కట్టేశాడు.

పోపుల డబ్బాలోంచి గుప్పెడు ఆవాలు తీసి, పెరట్లో మట్టి గుల్ల చేసి, మడి కట్టి చల్లాడు. గింజలు చకచకా మొలిచాయి. చూస్తుండగానే మడి నిండా లేతాకు పరుచుకుంది. గిల్లి నోట్లో వేసుకుంటే నాలుక చురుక్కుమనేది.

ఆయన భార్య రాజ్యం అప్పుడే జ్వరం నుంచి లేచింది. ఏం తిన్నా నోటికి చప్పగా ఉండేది. "ఏమండీ, నాలుగు ఆవాకులు కోసుకోనా? మజ్జిగన్నంలో నంజుకుంటాను" అని అడిగింది.

"ఇప్పుడే వద్దు. అరచేయంత అవనీ. బావగారు వచ్చాక అందరం తిందాం" అన్నాడు కామేశం.

"లేతాకు రుచి ముదురాకుకు వస్తుందా?"

"నీకు తెలీదు, ఊరుకో."

రాజ్యం లోపలికి వెళ్లి ఉత్త మజ్జిగన్నమే కలుపుకుంది.

కొన్నాళ్లకు గోడవారగా ఒక మూల ఆకులు మాయమవుతున్నాయని కామేశం కనిపెట్టాడు. "ఎవరి మేకో దూరుతోంది" అని లబలబలాడాడు. మడి చుట్టూ ముళ్లకంప వేశాడు. అయినా మేక మేస్తూనే ఉంది. మేసిన చోటల్లా మళ్లీ చిగుళ్లు వస్తున్నాయి. ఆ చిగుళ్లను ఆయన పట్టించుకోలేదు. ఆయన చూపంతా పెద్దాకుల మీదే ఉండేది.

భానుమూర్తి వచ్చే రోజుకు ఎండలు మొదలయ్యాయి. ఆకులు అరచేయంత అయిన మాట నిజమే. కానీ కాడలు నిటారుగా లేచి పసుప్పచ్చగా పూత పూశాయి. కామేశం బుట్టెడు ఆకు కోసి, తరిగి, తనే పెరుగులో కలిపాడు. రుచి చూద్దామని కాస్త నోట్లో పెట్టుకున్నాడు. ఘాటు నషాళానికి అంటింది. నమిలితే పీచు, మింగితే చేదు. బయట వసారాలో భానుమూర్తి అప్పటికే చేతులు కడుక్కుంటున్నాడు.

"నా పరువు పోయింది రాజ్యం" అన్నాడు కామేశం, కళ్లు తుడుచుకుంటూ.

రాజ్యం కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్లింది. గోడవార మూల నుంచి కొంగు నిండా లేతాకు కోసుకొచ్చింది. విస్తరి వేసేలోగా కొత్త పచ్చడి సిద్ధమైంది.

భానుమూర్తి ఒక ముద్ద తిన్నాడు. ఇంకో ముద్ద తిన్నాడు. "ఒప్పుకున్నాను బావగారూ. ముందు మారు వడ్డించమనండి" అన్నాడు.

కామేశం వంటింట్లోకి వచ్చి, "మేక మేసిన మూలలో ఇంత లేతాకు ఎలా మిగిలింది?" అని గుసగుసగా అడిగాడు.

"మేసింది కాబట్టే మిగిలింది" అంది రాజ్యం. "కోస్తూ ఉంటే చిగురుస్తుంది, వదిలేస్తే ముదిరిపోతుంది. మేకకు ఆపాటి తెలుసు. ముళ్లకంప మాత్రం చీరకు తగులుకుని చంపుకు తింది."

కామేశం భార్య మొహం వంక చూశాడు. జ్వరం నీరసం పోయి కళకళలాడుతోంది. అడిగిన నాడు నాలుగు ఆకులు పెట్టలేకపోయినందుకు ఆయనకు సిగ్గేసింది, వెంటనే నవ్వూ వచ్చింది. "ఆ మేకకు కూడా ఇంత పచ్చడి తీసి ఉంచు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ముళ్లకంప పీకేశాడు. బీరువాలో దాచిన కొత్త చొక్కా తీసి, ఏ పండగా లేకపోయినా తొడుక్కుని కూరగాయలకు బయల్దేరాడు.

నీతి: రేపటి గొప్ప కోసం దాచింది ముదిరిపోతుంది, అయినవాళ్లు అడిగిన నాడు పెట్టింది మళ్లీ చిగురిస్తుంది.